సినిమా తోడు లేని పాటల ఊరు

మే నెలలో షిల్లాంగ్‌ వెళ్లేవారు చల్లగాలితో పాటు వెంట తెచ్చుకోదగ్గవి అక్కడి బ్యాండ్ల పాటలు

గువాహటిలో బయల్దేరిన సుమో వంద కిలోమీటర్ల కొండదారిలో ఉమియం జలాశయం దాటేసరికి కిటికీలోంచి వచ్చే గాలి మారిపోతుంది. విజయవాడ, రామగుండం 40 డిగ్రీలు దాటి ఉడికిపోయే మే నెలలో షిల్లాంగ్‌లో పగటి వేడి 25 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. దాదాపు 5,000 అడుగుల ఎత్తు, పైన్ చెట్లు, చెప్పాపెట్టకుండా కురిసే వాన. పర్యాటకులు వచ్చేది వీటి కోసమే. పోలీస్ బజార్, లైతుమ్‌ఖ్రా వీధుల్లో రెండు రోజులు తిరిగితే మాత్రం ఈ ఊరికి మరో వ్యసనం ఉందని తెలిసిపోతుంది. అది గిటార్.

దేశానికి రాక్ సంగీత రాజధాని అని షిల్లాంగ్‌కు ఎప్పటినుంచో పేరు. ఆ పేరు వెనుక చరిత్ర ఉంది. 1841లో వేల్స్ నుంచి చిరపుంజి చేరిన మిషనరీ థామస్ జోన్స్ ఖాసీ భాషకు రోమన్ లిపి అలవాటు చేశారు. ఆయన బాటలో వచ్చిన చర్చిలు నాలుగు గొంతులు నాలుగు స్థాయిల్లో కలిసి పాడటం నేర్పాయి. 1874లో షిల్లాంగ్ అస్సాం రాజధాని అయ్యాక దొరల వెంట వారి పాటలూ కొండెక్కాయి. అలా బడికి వెళ్లే వయసులోనే పాశ్చాత్య బాణీలు వంటబట్టిన ఊరిది.

మేఘాలయ రాష్ట్రం ఏర్పడిన 1972లోనే ఇక్కడ మరో సంప్రదాయం మొదలైంది. 1960ల్లో కలకత్తాలో బాబ్ డిలన్ పాటలు విని ముగ్ధుడైన లూ మజావ్ అనే గాయకుడు మే 24న, డిలన్ పుట్టినరోజున, కచేరీ పెట్టాడు. అదే ఏటేటా కొనసాగింది. తెల్లటి పొడుగు జుట్టు, పొట్టి నిక్కరుతో గిటార్ పట్టిన ఆయన రూపం ఊరికే ఒక గుర్తయింది. 2016లో డిలన్‌కు నోబెల్ వచ్చినప్పుడు దేశంలోని పత్రికలు, చానెళ్లు ముందుగా తలచుకున్న ఊళ్లలో షిల్లాంగ్ ఒకటి. డిలన్ పేరు పెట్టుకున్న కాఫీ హోటల్ కూడా ఇక్కడ ఉంది.

కానీ ఎంత బాగా పాడినా అది పరాయివాడి పాటే. ఎవరి పాటో అచ్చుగుద్దినట్టు వాయించగలగడం నైపుణ్యం. సొంత పాట ఉండటం వేరు. షిల్లాంగ్‌కు అసలు పరీక్ష అక్కడే ఎదురైంది.

తొలి గట్టి జవాబు సోల్‌మేట్. గిటారిస్టు రూడీ వాలాంగ్, గాయని తిప్రితి ఖర్‌బంగర్ కలిసి 2003లో పెట్టిన ఈ బ్యాండ్ అమెరికా నల్లవారి బ్లూస్ పద్ధతిలో సొంత పాటలు కట్టింది. తొలి ఆల్బమ్‌కు ఊరి పేరే పెట్టుకుంది. 2007లో మెంఫిస్‌లో జరిగిన అంతర్జాతీయ బ్లూస్ పోటీకి భారత్ తరఫున వెళ్లింది. పాట తమదే, మాట మాత్రం ఇంగ్లీషు. వాన పడే సాయంత్రం వినడానికి తిప్రితి గొంతును మించింది లేదు.

తర్వాతి మెట్టు సమ్మర్‌సాల్ట్. ఈ బ్యాండ్ ఖాసీ తంత్రీవాద్యం దుయితారాను, ఎలక్ట్రిక్ గిటార్‌ను ఒకే వేదిక మీద నిలబెట్టి ఖాసీ మాటలతో పాడింది. 2016లో షిల్లాంగ్ నేపథ్యంగా వచ్చిన హిందీ సినిమా ‘రాక్ ఆన్ 2’లో వీళ్ల పాట దేశమంతటా వినిపించింది. అర్థం తెలియకపోయినా కాలు కదిలించే పాటలివి. వేసవి ప్రయాణంలో ముందుగా పెట్టుకోవలసినవి ఇవే.

ఈ రెండింటికీ పక్కన షిల్లాంగ్ ఛాంబర్ కోయిర్. నీల్ నాంగ్‌కిన్రీ 2001లో మొదలుపెట్టిన ఈ బృందగానం 2010లో ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ గెలిచి, అదే ఏడాది ఢిల్లీకి వచ్చిన ఒబామా ముందు పాడింది. హిందీ సినిమా పాటలతో పేరు తెచ్చుకున్నా, ఖాసీ జానపద కథతో ఒక ఒపెరా కూడా కట్టింది. నీల్ 2022 జనవరిలో కన్నుమూశారు. పద్మశ్రీ అందుకున్న ఆ గురువు పాటలు రాత్రి నిద్రకు ముందు వినదగ్గవి.

ఈ ప్రయత్నాల విలువ తెలుగువారికి తేలిగ్గానే అర్థమవుతుంది. తెలుగులో పాట అంటే ఇప్పటికీ సినిమా పాటే. హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా సొంత పాటలతో అభిమానులను సంపాదించుకున్నా, దాని గాయకుడు రామ్ మిరియాల గొంతు ఊరూరా చేరింది 2021లో ‘జాతిరత్నాలు’ పాటతోనే. ఖాసీలో సినిమా పరిశ్రమ చిన్నది. పాటను మోసుకెళ్లే హీరో లేడు. 2011 లెక్కల ప్రకారం ఖాసీ మాట్లాడేవారు సుమారు 14 లక్షలు. అంత చిన్న మార్కెట్‌లో గిటార్ నమ్ముకుని కుటుంబాన్ని పోషించడం కష్టం. అందుకే కుర్రాళ్లు హోటళ్లలో అడిగిన ఇంగ్లీషు పాటలు వాయిస్తారు, లేదా బెంగళూరు, ముంబైల దారి పడతారు. స్థానిక కళాకారులకు డబ్బిచ్చి బహిరంగ ప్రదేశాల్లో పాడించే పథకాన్ని మేఘాలయ ప్రభుత్వం పెట్టింది అందుకే. అది సొంత పాటలకు ఎంత చోటిస్తుందన్నదే అసలు ప్రశ్న.

సొంత పాట ఈ కొండలకు కొత్తేమీ కాదు. షిల్లాంగ్ నుంచి కొండలు దిగుతూ వెళితే కాంగ్‌థాంగ్ అనే ఊరొస్తుంది. అక్కడ బిడ్డ పుట్టగానే తల్లి ఒక రాగం కూర్చి పెడుతుంది. పేరుకు బదులు ఆ రాగంతోనే పిలుస్తుంది. అడవిలో దూరంగా ఉన్నవాళ్లకు పేరు కంటే రాగమే బాగా వినిపిస్తుంది. ఒకరి రాగం మరొకరికి ఉండదు. ఆ మనిషితోనే అదీ పోతుంది.

షిల్లాంగ్ బ్యాండ్లు గిటార్ పట్టుకుని వెతుకుతున్నదీ అలాంటిదే. అది దొరికిన చోటల్లా పాట వినడానికి బాగుంది.