అర్పా నదిలో అడుగు తెలియని చోటు

బిలాస్‌పూర్ అనగానే మనవారికి గుర్తుకు వచ్చేది రైలు. రైల్వే కొలువుల వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నవి. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం.

ఈ పట్టణం అర్పా నది ఒడ్డున ఉన్నది. పేండ్రా ప్రాంతంలో పుట్టి శివనాథ్ నదిలో కలిసే అర్పాను వేసవిలో చూపించి నది అంటే కొత్తవారు నమ్మరు. అంతా ఇసుక! ప్రమాదానికి మూలం ఆ ఇసుకే. దానిని తవ్వుకుపోయిన చోట లోతైన గోతులు మిగులుతాయి. వానాకాలపు బురదనీరు వాటిని నింపి కంటికి కనబడకుండా చేస్తుంది. మోకాటిలోతే కదా అని దిగినవారికి మరుసటి అడుగుకు నేల అందదు. గట్టెక్కుదామంటే అంచు ఇసుక చేతికి నిలువక జారిపోతుంది. పట్టణానికి చేరువలోని సేందరి వద్ద 2023 జూలైలో ముగ్గురు బాలికలు ఇటువంటి గోతిలోనే మునిగి మరణించారు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు చేపట్టింది.

ఎగువన వాన పడితే పట్టణంలో చినుకైనా లేకుండానే ప్రవాహం పెరుగుతుంది. మునుగుతున్నవారి కోసం వెంటనే దూకడం సహజమే. కాని అలా దూకినవారూ మునిగిపోవచ్చు. గట్టినేలపై బోర్లా పడుకొని తాడో, వెదురుగడో, చీరో అందించడం మేలు.

చిన్ననాటి నుండి ఎరిగిన రేవే అన్న ధీమా ఇక్కడ చెల్లదు. నిరుడు లేని గొయ్యి ఈ ఏడు ఉండవచ్చు. ఇసుక ఎక్కడెక్కడ తవ్వారో నీటిలో దిగేముందే ఒడ్డున పొలం చేసుకునేవారిని అడగాలి.