టోపీ లేని చిత్తరువు

ముస్లిం ముఖం ఎలా ఉంటుంది? మన పత్రికలు, సినిమాలు ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాయి. నెత్తిన టోపీ, మీసం లేని గడ్డం, కళ్లకు సుర్మా, మెడలో తాయెత్తు, గళ్ల లుంగీ. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బయట తెలుగు రాసుకుని బతుకుతున్నవాణ్ణి నేను. ఇరవై ఏళ్లుగా ఈ జవాబును డెస్కు మీద చూస్తూనే ఉన్నాను. ఒకసారి మా పాణ్యం వైపు బడిపంతులు గురించిన కథ ఒకటి అచ్చుకు వచ్చింది. పంతులు ముస్లిం. కథలో ఆయన గడ్డం ఊసే లేదు. బొమ్మలో మాత్రం గడ్డమూ టోపీ రెండూ వచ్చి కూర్చున్నాయి. అడిగితే ఆర్టిస్టు అమాయకంగానే అన్నాడు: "అవి లేకపోతే ముస్లిమని ఎట్లా తెలుస్తుంది సార్?"

అతని ఎదురుగా నిలబడిన నాకు టోపీ లేదు, గడ్డం లేదు. నేనెవరో అతనికి తెలుసు. కంటికి కనిపించే మనిషి కన్నా చేతికి అలవాటైన గీతే అతనికి నిజం. కోపం వచ్చింది కానీ అతని ఒక్కడి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం?

ఈ ప్రశ్నను మోసుకు తిరుగుతున్న రోజుల్లో నాకు ఒక పాస్టెల్ చిత్రకారుడు తారసపడ్డాడు. పేరు ఝాన్ ఎతియెన్ లియోతార్. 1702లో జెనీవాలో పుట్టాడు. 1685లో ఫ్రాన్స్ రాజు ప్రొటెస్టెంట్ల హక్కులు రద్దు చేశాక ఎందరో దేశం విడిచి పారిపోయారు. అట్లా వలసవచ్చిన ఫ్రెంచి ప్రొటెస్టెంట్ల బిడ్డ ఇతను. మైనారిటీ కావడమంటే ఏమిటో ఆ ఇంటికి ఒకరు చెప్పనక్కర్లేదు.

లియోతార్ 1738లో ఇంగ్లీషు ప్రభువులతో కలిసి కాన్‌స్టాంటినోపుల్ వెళ్లాడు. నాలుగేళ్లు అక్కడే ఉన్నాడు. తురుష్కుల దుస్తులు తొడిగాడు. అక్కణ్ణించి మోల్దావియా వెళ్లి గడ్డం పెంచాడు. 1743లో అదే వేషంతో వియన్నా చేరి మహారాణి మరియా థెరెసా బొమ్మ గీశాడు. మరుసటి ఏడు తన బొమ్మ తానే గీసుకుని, దాని మీద తనను 'తురక చిత్రకారుడు' అంటారని రాసుకున్నాడు. ఆ బొమ్మ ఇప్పటికీ ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీలో ఉంది. పారిస్, లండన్ నగరాలు ఆ గడ్డాన్ని చూసి ముచ్చటపడ్డాయి. గిరాకీ పెరిగింది. 1756లో పెళ్లి చేసుకున్నప్పుడు గడ్డం తీసేశాడు. అంతే. పెంచినప్పుడు ఎవరూ అనుమానించలేదు, తీసినప్పుడు ఎవరూ సంజాయిషీ అడగలేదు.

మా ఇంట్లో సంగతి చెబుతాను. కాలేజీలో చదివే మా అబ్బాయి నిరుడు గడ్డం పెంచాడు. వాళ్ల దాదీ సంతోషపడింది. వాళ్లమ్మ మాత్రం రాత్రి బస్సుల్లో తిరిగేవాడివి, తీసేయి బేటా అని బతిమాలింది. "నా క్లాసులో సగం మందికి గడ్డాలున్నాయి మమ్మీ, వాళ్లది ఫ్యాషను, నాది మతమా?" అన్నాడు వాడు. జవాబు మా ఇద్దరి దగ్గరా లేదు. లియోతార్‌కు గడ్డం ఒక వేషం. మా పిల్లవాడికి ఉంచుకుంటే ఒక సాక్ష్యం, తీసేస్తే ఇంకో సాక్ష్యం. వేసుకున్నవాడికి దక్కిన ముచ్చట, పుట్టినవాడికి దక్కదా?

అయినా ఆ మనిషిని నేను వదల్లేకపోయాను. దానికి కారణం అతని పని. పాస్టెల్ అంటే గట్టిపడిన రంగు ధూళి. రంగుపొడిలో సుద్ద కలిపి, కాస్త జిగురు తగిలించి, కడ్డీలుగా చుట్టి ఆరబెడతారు. జిగురు ఎక్కువైతే కడ్డీ రాయి అవుతుంది. తక్కువైతే చేతిలోనే రాలిపోతుంది. పాతకాలం నుంచీ వాడే ఆ జిగురు ఏమిటో తెలుసా? కతీరా గోందు. రంజాన్ నెలలో మనం షర్బత్‌లో నానబెట్టి తాగే కతీరాయే! ఇరాన్ కొండల్లో ముళ్లపొదలు కార్చే జిగురు అది. పాస్టెల్ బొమ్మ నూనెరంగులాగా ఆరి గట్టిపడదు. అద్దం వెనక పెట్టకపోతే చెయ్యి తగిలినా చెదిరిపోతుంది. అంత పల్చటి ధూళితో లియోతార్ పట్టు మెరుపును, గాజుగ్లాసులోని నీళ్లను గీశాడు. చాక్లెట్ పళ్లెం పట్టుకుని నిలబడ్డ పనిపిల్ల బొమ్మ అతని పనుల్లోకెల్లా పేరుపడ్డది. 1745లో సాక్సనీ రాజు కోసం దాన్ని కొన్నారు. ఇప్పటికీ డ్రెస్డెన్‌లోనే ఉంది. మహారాణిని ఎంత శ్రద్ధగా గీశాడో ఆ పనిపిల్లనూ అంతే శ్రద్ధగా గీశాడు.

1781లో, ఎనభైకి దగ్గరపడ్డ వయసులో, చిత్రకళ మీద పుస్తకం రాశాడు. బొమ్మ మీద గీసినవాడి చేతి గుర్తులు కనిపించకూడదన్నది అందులో అతని పట్టుదల. ప్రకృతిలో కుంచె గీతలు లేవు కదా, బొమ్మలో ఎందుకుండాలి అని వాదించాడు. కళ తెలిసిన పెద్దల కన్నా కళ తెలియని మామూలు మనిషి చూపునే నమ్మాడు. అతను గీసిన పోలిక మరీ ఎక్కువగా కుదిరేదనీ, అందుకే గీయించుకున్నవాళ్లకు నచ్చేది కాదనీ ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ రాశాడు. తన ఒంటి మీద వేషం వేసుకున్నాడే గాని, ఎదుటివాడి ముఖం మీద వేషం వెయ్యలేదు. నాకు కావలసింది ఇదే.

బొమ్మలతో మీకేం పని, మీ మతంలో కూడదు కదా అంటారు కొందరు మిత్రులు. కూడదన్న మాట ఉంది, దాన్ని మనసారా పాటించేవాళ్లూ ఉన్నారు. కానీ బీజాపూర్, గోల్కొండ సుల్తానుల చిత్తరువులు ఎక్కణ్ణించి వచ్చాయి? 1909-11 మధ్య లేడీ హెరింగామ్ అజంతా చిత్రాలకు నకళ్లు తీయించినప్పుడు కలకత్తా నుంచి నందలాల్ బోస్ వంటివాళ్లు వచ్చారు. వాళ్లతోపాటు ఆ గుహల్లో పనిచేసిన హైదరాబాదీలు సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్. బుద్ధుడి కళ్లను గీత గీతగా చదివినవాళ్లలో మనవాళ్లున్నారు. ఈ సంగతి మన పిల్లలకు ఏ పాఠంలో చెప్పారు?

మా అబ్బా పోయాక ఆయనవి మిగిలినవి రెండే ఫొటోలు. ఒకటి ఆధార్ కార్డు మీదది. రెండోది ఎవరి పెళ్లిలోనో గుంపులో నిలబడ్డది. అబ్బా ఉన్నన్నాళ్లూ పాణ్యంలో పొద్దున పాసింజరు ఎక్కి బేతంచెర్ల పోయి నాపరాళ్ల పాలిష్ పని చేశాడు. సాయంత్రం తిరిగొస్తే కనుబొమల నిండా తెల్లటి రాతిదుమ్ము. నాపరాయి, సుద్ద రెండూ సున్నపు జాతివే. పాస్టెల్‌లో ఉండే తెలుపే ఆయన ముఖం మీద జీవితమంతా ఉంది. అందుకే ఆయన బొమ్మ పాస్టెల్‌లోనే గీయించాలనుకున్నాను.

నంద్యాలలో ఒక ఆర్టిస్టును కలిశాను. మంచివాడు. ఫొటోలు తిప్పి తిప్పి చూసి అన్నాడు: "టోపీ పెట్టమంటారా సార్? గడ్డం రవ్వంత పెంచితే నిండుగ ఉంటాది."

"నమాజుకు తప్ప ఆయన టోపీ పెట్టలేదన్నా. భుజం మీద తువ్వాలుండేది. కనుబొమల మీద దుమ్ముండేది. అది గీయి" అన్నాను.

అతను కాసేపు నా వైపు చూసి, "దుమ్ము గీయడం కష్టం సార్" అని నవ్వాడు. అయినా గీశాడు.

అమ్మీతో పేచీ వచ్చింది. "తస్వీర్ సామ్నే నమాజ్ కైసా పడ్‌నా రే?" అంది. తస్వీర్లున్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని ఆమె నమ్మకం. ఆమెతో నేను వాదించలేదు. బొమ్మ వద్దనే హక్కు ఆమెకుంది, కావాలనే హక్కు నాకుంది. అమ్మీయే తీర్పు చెప్పింది: నమాజు గదిలో వద్దు, నీ పుస్తకాల గదిలో పెట్టుకో. తర్వాత తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. "ముఖం కడుక్కోకుండానే కూర్చున్నాడు చూడు" అంది.

అబ్బా గురించి తెలియనివాళ్లు ఆ బొమ్మ చూసి ఎవరీయన అని అడుగుతారు. హిందువా ముస్లిమా అని బొమ్మ చెప్పదు. రాళ్ల పని చేసినవాడని చెబుతుంది. ఆయన పేరు నేను చెబుతాను. కథల్లో, కార్టూన్లలో, సినిమాల్లో మమ్మల్ని గీసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. టోపీ ఉన్నవాడికి టోపీ గీయండి, దాన్ని దాచమని ఎవరూ అడగడం లేదు. లేనివాడికి మాత్రం మీ చేత్తో తొడగకండి. ముందు మా ఎదురుగా కాసేపు కూర్చోండి, చూడండి.