మనీప్లాంటా? కిటికీయా?

పాతబస్తీలోని మా హాస్టల్‌లో ఇప్పుడు ప్రతి గదిలోనూ ఒక మనీప్లాంట్ ఉంది. ఖాళీ సీసాలో నీళ్లు పోసి కొమ్మ పెడితే చాలు, పైసా ఖర్చు లేకుండా పెరుగుతుంది. "ఇది గదిలో గాలిని శుభ్రం చేస్తుంది" అని అన్నలు చెబితే మేమూ పెంచుతున్నాం. ఆ మాట ఎంతవరకు నిజమో తమ్ముళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ఈ మాటకు మూలం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా. 1989లో వోల్వర్టన్ అనే శాస్త్రవేత్త బృందం గట్టిగా మూసిన పెట్టెల్లో మొక్కలు పెట్టి చూసింది. బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి విషవాయువులు తగ్గాయి. నిజమే, కానీ మన గది మూసిన పెట్టె కాదు కదా! 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి ఎన్నో ప్రయోగాలను కలిపి లెక్క వేశారు. ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట. అప్పుడు మన ట్రంకుపెట్టెలు ఎక్కడ పెట్టుకోవాలి?

గాలి విలువ పాతబస్తీకి కొత్త కాదు. పాత దేవిడీల్లో గదుల నడుమ పైకప్పు లేని వాకిలి ఉండేది. 1911లో నగరానికి ప్లేగు వచ్చింది. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తీసి, గాలి వెలుతురు వచ్చేలా రోడ్లు, ఇళ్లు వేయించింది. మనం రోజూ చూసే పత్తర్‌గట్టి కట్టించింది కూడా ఆ బోర్డే.

మరి మన గదుల్లో గాలిని పాడుచేసేది ఏమిటి? రోడ్డు పొగ, దుమ్ము ఉండనే ఉన్నాయి. వాటికి తోడు, రాత్రి తలుపులు మూసి వెలిగించే దోమల కాయిల్. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మాలో ఆయాసం ఉన్నవాళ్లు కూడా ఆ గాలే పీల్చాలి.

అసలు విచిత్రం ఇంకొకటి ఉంది. సీసాలో నీళ్లు మార్చకపోతే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. పది రోజుల్లో దోమలు తయారు! గాలి కోసం మొక్క, మొక్క నీళ్లలో దోమ, దోమ కోసం కాయిల్, కాయిల్ నుంచి మళ్లీ పొగ!

అందుకే మా గదిలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం సీసా లోపల రుద్ది కడిగి నీళ్లు మారుస్తాం. తెల్లవారుజామున, ట్రాఫిక్ పెరగకముందే, కిటికీలన్నీ తెరుస్తాం. చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడుస్తాం. కాయిల్ బదులు దోమతెర కట్టుకుంటాం.

ఇక మొక్క ఎందుకంటారా? ఊరు విడిచి వచ్చిన మాకు పచ్చటి ఆకు కంటికి హాయి. కొత్త ఆకు విప్పుకుంటే గదిలో అందరికీ కబురే. అది చాలు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పూలదండలు, శాలువాలు వద్దు. తలా కొంత వేసుకొని మా కిటికీలకు దోమల జాలీలు కొట్టించండి. మొక్కలు మేము పెంచుకుంటాం.