చూరునీళ్లు

కొల్లేటికోటలో మా అమ్మమ్మ ఇంటికీ తూర్పింటికీ మధ్య దడి ఉండేది. నాలుగు సరుగుడు గుంజలు, కిక్కిస, తాటాకు. ఏటా వేసవిలో విప్పి కొత్తది కట్టేవాళ్లు, ఈ చివర మా మావయ్య, ఆ చివర తూర్పింటి మావయ్య. మధ్యలో మనిషి దూరేంత సందు వదిలేవాళ్లు. ఆ సందులోంచే కొర్రమీను పులుసు గిన్నె వెళ్లేది, పెళ్లి కబురు వచ్చేది. కట్టినప్పుడల్లా దడి ఓ బెత్తెడు అటో ఇటో జరిగేది. ఎవరూ కొలవలేదు.

తూర్పింటి మావయ్య షెడ్డు వేసినప్పుడు కొలత మాట వచ్చింది. చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాలు తడుస్తున్నాయని, పెరట్లో దడిని ఆనుకుని రేకుల షెడ్డు లేపాడు. ముందు ట్రాక్టర్లతో నల్లమట్టి తోలించి రెండడుగులు మెరక చేశాడు. తప్పనను. కొల్లేట్లో ఏది కట్టాలన్నా ముందు మట్టి తోలాల్సిందే. కానీ షెడ్డు చూరు దడి దాటి మూరెడు మా వైపు వచ్చింది.

తొలకరి పడ్డ మర్నాడు పొద్దున చూస్తే, చూరు కింద నేలలో వరసగా గుంటలు. రేకు వంపు ఎక్కడుంటే అక్కడ ఒకటి, దారం పట్టి తవ్వినట్టు. మట్టి కొట్టుకుపోయి, ఒక్కో గుంట అడుగున నత్తగుల్లల ముక్కలు తెల్లగా తేలాయి. అమ్మమ్మ కనకాంబరాల మడి సరిగ్గా ఆ వరస కిందే ఉంది. పది రోజులకి వేళ్లు కుళ్లి, పట్టుకుంటే మొక్క చేతికొచ్చేసింది. మెరక మీద పడ్డ వాన కూడా మా పెరట్లోకే దిగి, చీలమండ లోతున వంటపాక గుమ్మం దాకా నిలిచింది.

"ఏరా అబ్బాయ్, నీ తవుడు తడవకూడదు, నా పొయ్యి తడవచ్చా?" అంది అమ్మమ్మ దడి సందులో నిలబడి.

"నా స్థలంలో నేనేసుకున్నాను పిన్నీ."

"స్థలం నీదేరా. మరి నీళ్లెవరివి?"

ఆ ప్రశ్నకి జవాబిచ్చే కాగితం ఊళ్లో లేదు. పొలాలకైతే సర్వే నంబరుంటుంది, ఎఫ్‌ఎంబీ అనే కొలతల పుస్తకంలో లింకుల లెక్కన కొలతలుంటాయి. గ్రామకంఠంలో ఏ పెరడు ఎక్కడ ఆగుతుందో విడివిడిగా రాసి ఉండదు. దడి, మునగచెట్టు, పెద్దవాళ్ల జ్ఞాపకం, ఇవే హద్దురాళ్లు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలుస్తున్నారు. మంచిదే. ఆ పటంలో ఎవరి గోడ ఎక్కడుందో పడుతుంది. ఎవరి చూరునీళ్లు ఎవరి పొయ్యిలోకి పోతున్నాయో పడదు.

చట్టం నీళ్ల సంగతి మర్చిపోలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఎగువ నేల మీద సహజంగా పడ్డ వాన పల్లానికి పోతుంటే దిగువవాడు అడ్డుపడకూడదు. ఆ మాట దేవుడిచ్చిన ఎత్తుపల్లాలకి. మనం తోలుకున్న మెరకకీ, మనం దించిన చూరుకీ వర్తించదని నా నమ్మకం. అదే చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఇంకోటుంది. మన నేల నిలబడడానికి పక్క నేల ఆసరా ఇస్తుంది, ఆ ఆసరా మన హక్కు. అంటే హద్దు పక్కన మనిష్టమొచ్చిన లోతు తవ్వి పక్కవాడి నేల జారిపోయేలా చేయకూడదు. ఈ సంగతి పునాది తీసే ప్రతి మేస్త్రీకీ తెలిసుండాలి.

కొల్లేరు కథంతా ఈ పెరటి తగువే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసిన నీళ్లు సముద్రానికి పోయేది ఉప్పుటేరు గుండానే. సరస్సు కడుపులో చేపల చెరువుకి గట్టేసిన ప్రతివాడూ తన చెరువు కాచుకున్నాడు. గట్టు తోసేసిన నీళ్లు పక్క ఊరి మీద పడ్డాయి. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో పొక్లెయిన్లు వచ్చి గట్లు తెగ్గొట్టాయి. అప్పుడు పొట్టకూడు పోయిన చిన్నవాళ్లను తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అయినా గట్లు మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్లు కొల్లేటికొచ్చి లంక గ్రామాల దారులు మునిగినప్పుడు నాకు అమ్మమ్మ ప్రశ్నే గుర్తొచ్చింది.

ఆ మాటకొస్తే మా ఊరికి నీళ్ల తగువు కొత్తది కాదు. గజపతుల కాలంలో ఇక్కడి కోట చుట్టూ కొల్లేరే కందకం. శత్రువు దారిలేక ఉప్పుటేరు తవ్వించి ఆ నీళ్లను సముద్రంలోకి దించేశాడని పెద్దలు చెప్పుకునే కథ. ఆ కథ మా ఊరి అమ్మవారు పెద్దింట్లమ్మ జాతరలో ఇప్పటికీ వినిపిస్తుంది.

మా తగువు పెద్దల దగ్గరికెళ్లింది. వాళ్లు తాడు తెచ్చారుగానీ కొలవలేదు. అందులో పెద్దాయన గొడుగేసుకుని వచ్చి, వానలో అరగంట చూరు కింద నిలబడ్డాడు. నీళ్లు ఎటు పుడుతున్నాయి, ఎటు పోవాలనుకుంటున్నాయి, అంతే చూశాడు. షెడ్డు తీసేయమనలేదు. రేకు మూరెడు వెనక్కి కోయించమన్నాడు. ఇద్దర్నీ చెరో జానెడు నేల వదలమని, దడి ఉన్నచోట రోడ్డు దాకా బోదె తీయించాడు. అమ్మమ్మ జానెడు ఇవ్వనంది. రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు తనే కనకాంబరం నారు పీకి పడమటి వైపు నాటుకుంది.

అమ్మమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. బోదె ఉంది. పూడిక తీయడం ఓ ఏడు వాళ్ల వంతు, ఓ ఏడు మాది. నిన్న రాత్రి ఏలూరులో ఉన్న నాకు తూర్పింటి మావయ్య ఫోన్ చేశాడు. "అల్లుడూ, రోహిణి కార్తె వెళ్లిపోతోంది. ఈ ఏడు మీ వంతురా. మనిషిని పంపుతావా, నన్నే తీసేయమంటావా?" డెబ్బై దాటిన మనిషి. నేనే వస్తున్నానని చెప్పాను, ఆదివారం పొద్దున్నే, పార పట్టుకుని.