నూనె పోయింది, వేడి మిగిలింది

ధనుర్మాసంలో తెల్లవారుజామున కోనసీమలో బోరు కొడితే నీళ్ళు వెచ్చగా వస్తాయి. బిందె తెచ్చిన ఆడవాళ్ళు ముందు కొంకర్లు పోయిన చేతుల్ని ఆ ధార కింద కాసేపు ఉంచుకుని, ఆ తర్వాతే బిందె కడుగుతారు. అదే బోరు వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం కొడితే ప్రాణం లేచొచ్చేంత చల్లన. నీళ్ళు మాత్రం రెండుసార్లూ ఒకటే. నేల అడుగున నీటి వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. ఆ ఊరి గాలికి సంవత్సరం మొత్తం మీద ఉండే సగటు వేడి ఎంతో ఇంచుమించు అంతే ఉంటుంది. మన కోస్తాలో అది 28 డిగ్రీలకు అటూ ఇటూ. మారేది మన చెయ్యి.

చర్మం పైన మామూలుగా ఉండే వేడి 33 డిగ్రీల దగ్గర. అందుకే 28 డిగ్రీల నీళ్ళు చెంబుతో వీపున గుమ్మరించుకుంటే జివ్వుమంటుంది. అదే 28 డిగ్రీల గాలిలో తువ్వాలు భుజాన వేసుకుని అరుగుమీద కూర్చుంటే ఎంతో హాయి. ఒంటి వేడిని గాలికంటే నీళ్ళు సుమారు 25 రెట్లు వేగంగా లాగేసుకుంటాయి కాబట్టి ఆ తేడా. కార్తీకమాసంలో కోటిపల్లి రేవులో చీకటితో దిగి మునిగేవాళ్ళకు ఒళ్ళు ఝల్లుమన్నా, ఆ గోదారి హిమాలయాల్లో మంచు కరిగి వచ్చే నది కాదు. మన నీళ్ళకు ప్రాణం తీసే చలి లేదు. గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్ళు మాత్రం ఒక్కసారిగా దిగిపోకుండా, ముందు కాళ్ళు తడుపుకుని, నెత్తిన చల్లుకుని, ఊపిరి కుదుటపడ్డాక మునగడం మంచిది. సంకల్పం చెప్పుకునే ఆ కాస్త సేపూ ఒంటికీ పనికొస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనకి కావలసిన వేడి చాలా కొంచెం. 28 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లు బకెట్లో ఉన్నాయనుకోండి. సలసల మరిగే నీళ్ళు రెండు లీటర్లు అందులో పోసి కలిపితే బకెట్ మొత్తం దాదాపు 37 డిగ్రీలకు వస్తుంది. అంటే రెండు చెంబులు. ఒంటి వేడికి సమానమైన నీళ్ళు రెండు చెంబులతో తయారవుతాయి. కోనసీమలో పుష్యమాసంలో కూడా అంతకుమించి అక్కర్లేదు. అయినా ఇప్పుడు మన ఇళ్ళలో జరుగుతున్నది వేరు. గీజరు 60 దగ్గర పెట్టి వదిలేస్తున్నాం. బకెట్లో హీటరు రాడ్డు వేసి పొగలు వచ్చేదాకా మర్చిపోతున్నాం. చర్మం ఎర్రగా కందితే తప్ప స్నానం చేసినట్టు లేదంటున్నాం.

వేణ్ణీళ్ళు మనకి కొత్త కావు. కొబ్బరి చెట్టున్న చోట పొయ్యికి కొరత ఏముంది? రాలిన మట్టలు, డొక్కలు, చిప్పలు దొడ్లో పోగుపడి ఉండేవి. వాటితో మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు కాగుతూనే ఉండేది. ఆ వేణ్ణీళ్ళ ముందూ వెనకా ఏముండేవన్నదే నా బాధ. భోగి పొద్దున్న సంగతి గుర్తు చేసుకోండి. పిల్లల్ని వరసగా పీటల మీద కూర్చోబెట్టి, మాడున నూనె చరిచి, ఒళ్ళంతా పట్టించి, ఇంకేదాకా కదలొద్దనేవారు. తర్వాత సున్నిపిండితో నలుగు. పిండి నూనెలో తడిసి, మట్టిని పట్టుకుని, నలకలు నలకలుగా నేలరాలేది. మోచేతుల దగ్గర, మెడ వెనక, మడమల మీద ఆ నలకలు నల్లగా ఉండేవి. ఆ తర్వాత కుంకుడు రసం. కళ్ళు మండి గోలపెడితే నోట్లో ఉప్పురవ్వ. అన్నిటికీ ఆఖరున భోగిమంట మీద కాగిన నీళ్ళు. అంత వేడి పడ్డా ఒళ్ళు తుడుచుకున్నాక చర్మం మెత్తగా, నునుపుగా ఉండేదంటే కారణం నూనె. నలుగుపిండి నూనెను మొత్తం లాగెయ్యదు, ఒక పలచటి పొర ఒంటిమీద మిగులుస్తుంది. కుంకుడు రసం సబ్బులాగా క్షారమూ కాదు. నూనె, పిండి, కుంకుడు, వేడి నాలుగూ కలిసి నడిచే ఏర్పాటు అది. పైగా అది పండక్కో, వారానికోసారో.

ఆ నాలుగింటిలో మూడు వదిలేశాం. వేడిని మాత్రం రోజూ రెండు పూటలా తెచ్చుకున్నాం. దానికి సబ్బు జోడించాం.

చర్మం పైపొర ఎంత పలచనో తెలిస్తే ఇది ఎంత అన్యాయమో తెలుస్తుంది. అరచేతులు, అరికాళ్ళు వదిలేస్తే ఒంటిమీద ఎక్కువ చోట్ల అది మిల్లీమీటరులో 50వ వంతు మించదు. అందులో ఉన్నవి ప్రాణం పోయి ఎండిన కణాల వరసలు, వాటి సందుల్ని పూడ్చే కొవ్వు. సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన ఆ కొవ్వే లోపలి తేమను బయటికి పోనివ్వదు, బయటి క్రిమిని లోపలికి రానివ్వదు. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా చూస్తే తెల్లగా పేరుకుని ఉంటుంది. 24 డిగ్రీలు దాటితే చాలు, కరిగి జారిపోతుంది. చర్మంలో కొవ్వూ ఆ జాతిదే. దాని హద్దు కాస్త పైన ఉంటుంది, అంతే. మామూలుగా గట్టిగా, ఒద్దికగా పేర్చుకుని ఉంటుంది. వేడి 40 డిగ్రీల వైపు వెళుతున్నకొద్దీ ఆ పేర్పు సడలిపోతుంది. సరిగ్గా ఆ సడలిన సమయంలో మనం సబ్బు రుద్దుతాం. చర్మం స్వతహాగా కాస్త పులుపు గుణం కలది, పీహెచ్ 5 దగ్గర. మామూలు స్నానపు సబ్బు 9 నుంచి 10. వేడి వదులు చేసిన కొవ్వును సబ్బు తోడేసుకుపోతుంది. అరగంట తర్వాత పిక్కల మీద గోరుతో గీసి చూడండి, సుద్దతో గీసినట్టు తెల్లటి గీత పడుతుంది. లోపలి తేమ ఆవిరైపోతున్నదనడానికి అదే గుర్తు. దానికి రాత్రి దురద, దురదకు గోకుడు, గోకుడుకు పుండు.

దురదకు వేణ్ణీళ్ళు పోసుకుంటే చెప్పలేనంత సుఖంగా ఉంటుంది, నిజమే. వేడి తగిలినంతసేపూ దురద కబురు మెదడుకు అందదు. ఆ తర్వాత రక్తనాళాలు ఉబ్బి, చర్మం మరింత పొడిబారి, దురద రెండింతలై తిరిగొస్తుంది. తామర, గజ్జి ఉన్నవాళ్ళు వేణ్ణీళ్ళతో రుద్దుకుంటే తగ్గుతుందనుకోవడం మన పల్లెల్లో గట్టిగా నాటుకున్న నమ్మకం. ఈ ఒక్కటీ వదులుకుంటే ఎందరో రాత్రిళ్ళు కంటినిండా నిద్రపోతారు.

పూర్వులకు ఇది తెలియదనుకోకూడదు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్య చెబుతూ, మెడ కింది భాగానికి వేణ్ణీళ్ళు బలాన్నిస్తాయని, తలమీద పోసుకుంటే జుట్టుకూ కళ్ళకూ చేటని రాశాడు. అభ్యంగనం ముందు, స్నానం వెనక అన్న వరస ఆయన చెప్పిందే. నూనె ముందు రాసుకునే మన అలవాటుకు నేను ఒకటి కలుపుతాను: స్నానం అయ్యాక, ఒళ్ళు అద్దుకున్నట్టు తుడుచుకుని, ఇంకా చెమ్మ ఆరకముందే నాలుగు చుక్కల కొబ్బరినూనె. ముందు రాసింది సబ్బు దెబ్బ కాస్తుంది, వెనక రాసింది పట్టిన తేమను పోనివ్వదు. నూనె పుట్టే గడ్డ మీద ఉండి ఒళ్ళు పగుళ్ళతో తిరగడం నాకు చూడబుద్ధి కాదు.

సముద్రం ఒడ్డు ఊళ్ళ సంగతి కొంత వేరు. సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు తగులుతుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువే ఆ ఊళ్ళకు మంచినీళ్ళు. గన్నవరం అక్విడక్టు మీద వైనతేయ పాయ దాటి రాజోలు వైపు పారే నీరూ అదే. ఎండాకాలం కాలువలు కట్టేస్తే చెరువుల్లో నింపుకున్నదే దిక్కు. ఆ రోజుల్లో బోరునీళ్ళతో స్నానం చేస్తే సబ్బు నురుగు రాదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని తెట్టులా ఒంటికి అంటిస్తాయి. నురుగు రాలేదని ఇంకా రుద్దుతాం, ఆ తెట్టు వదలదని ఇంకా వేడి పెంచుతాం. అలాంటి నీళ్ళతో సబ్బు చంకలకూ, గజ్జలకూ, పాదాలకూ సరిపెట్టి, ఆఖరి రెండు చెంబులైనా కాలువ నీళ్ళు పోసుకోగలిగితే ఎంతో మేలు. వేసవిలో చెమటకాయలు లేచినప్పుడు అసలు కాచిన నీళ్ళ జోలికే పోకూడదు.

చేతులు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు కావాలా అని అడిగేవాళ్ళున్నారు. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో వెలువరించిన పరిశోధనలో 15, 26, 38 డిగ్రీల నీళ్ళతో చేతులు కడిగించి చూశారు. క్రిములు పోవడంలో తేడా కనిపించలేదు. సబ్బు, రుద్దుడు ముఖ్యం. మన కుళాయి నీళ్ళు ఉన్నవి ఉన్నట్టుగా చాలు.

పురిటింటి దగ్గర మాత్రం నేను ఆగి మాట్లాడాలి. కోనసీమలో పసిబిడ్డ స్నానం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మామ్మగారు పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపి, రెండు పిక్కల మధ్య బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, వీపు మీద చెయ్యి ఆనించి చెంబుతో ధార వదులుతుంది. బిడ్డ మొదట ఏడ్చి, తర్వాత ఆ వెచ్చదనానికి మత్తుగా ఊరుకుంటాడు. తర్వాత సాంబ్రాణి పొగ. ఈ పని చేతులారా చేసే మామ్మలంటే నాకు గౌరవం. వాళ్ళ చెయ్యి గురించే నా భయం. నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర గిన్నెలు దించిన అరచెయ్యి కాయలు కాసి ఉంటుంది. ఆ చేతికి వెచ్చగా తోచింది బిడ్డకు చుర్రుమనొచ్చు. పసివాళ్ళ పైపొర పెద్దవాళ్ళకంటే దాదాపు 30 శాతం పలచన. ఊళ్ళో ఆశా కార్యకర్తలు చెప్పే తీరు నాకు నచ్చుతుంది.

“మామ్మగారూ, అరచెయ్యి కాదండీ, మోచెయ్యి ముంచి చూడండి.”

“ఆయ్, మా అమ్మా అలాగే చూసేదే. మర్చిపోయానమ్మా.”

మోచేతికి వేడీ చలీ ఏదీ తెలియకుండా ఉంటే ఆ నీళ్ళు 37 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్టు. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేణ్ణీళ్ళు కలపాలి. ఖాళీ బకెట్లో ముందు వేణ్ణీళ్ళు పోసి చెంబుకోసం లోపలికి వెళ్ళినప్పుడే పాకే పిల్లలు అందులో చెయ్యి పెడతారు. పుట్టిన వెంటనే స్నానం చేయించడం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 24 గంటలు ఆగమంటుంది, ఎందుకంటే బిడ్డకు అప్పటికి సొంత వేడి నిలుపుకునే శక్తి పూర్తిగా ఉండదు. నలుగుపిండి మరీ పసిగుడ్డుకు వద్దు, నూనె చాలు. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు ఒళ్ళునొప్పులకు హాయినిస్తాయి, పోయండి. కుట్లున్న చోట మాత్రం ఆ ధార పడకూడదు.

1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఎంత వేడి ఎంతసేపు తగిలితే చర్మం కాలుతుందో లెక్కగట్టారు. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్ని కాల్చడానికి 5 సెకన్లు పడుతుంది. అదే 49 డిగ్రీలకు దిగితే పది నిమిషాల దాకా పడుతుంది. పిల్లలకు ఇంకా తక్కువ సమయం చాలు. గీజరు మీద ఆ గుండ్రటి మీట కొంచెం వెనక్కి తిప్పడానికి ఖర్చు లేదు.

ఇక పాదాలు. ఊడ్పుల రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో నిలబడ్డ ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే తెల్లగా నాని ముడతలు పడి ఉంటాయి. నీళ్ళు పీల్చి ఉబ్బడం వల్లే ఆ ముడతలని చాలామంది అనుకుంటారు. కానీ నరం దెబ్బతిన్న వేలు ఎంత నానినా ముడత పడదని 1930లలోనే వైద్యులు గమనించారు. నరాలు రక్తనాళాల్ని బిగిస్తేనే ఆ ముడత వస్తుంది. ఇంటికొచ్చాక వాళ్ళు ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటారు, తీపులు తగ్గుతాయి. నరాలు బాగున్నవాళ్ళు పెట్టుకోవచ్చు. వేడెక్కువైతే వాళ్ళు కాలు వెనక్కి తీసేస్తారు.

చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవాళ్ళు తీయలేరు. వాళ్ళ అరికాళ్ళలో నరాలు మెల్లమెల్లగా మొద్దుబారి ఉంటాయి. తిమ్మిర్లుగా ఉందని, దూదిమీద నడిచినట్టుందని వాళ్ళే చెబుతారు. ఆ తిమ్మిరి పోవడానికే బకెట్ వేణ్ణీళ్ళు అడుగుతారు, ఇంట్లోవాళ్ళూ ప్రేమకొద్దీ పెడతారు. కాలు కాలుతున్నా వాళ్ళకు తెలియదు. మర్నాడు చెప్పు తొడుక్కుంటుంటే బొటనవేలి కింద పొక్కు కనిపిస్తుంది. ఆ పొక్కు పుండై, పుండు మానక, వేలు తీసేయాల్సి వచ్చిన ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. షుగరు ఉన్న పెద్దవాళ్ళకు కాళ్ళు నానబెట్టే అలవాటే మాన్పించండి. స్నానం నీళ్ళు వాళ్ళు కాదు, ఇంట్లో మరొకరు మోచేత్తో చూసి ఇవ్వాలి. స్నానం కాగానే వేళ్ళ సందులు మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి, సందుల్లో నూనె పెట్టకూడదు, లేకపోతే పాచిపోతాయి. మడమలకు పెట్టొచ్చు. రాత్రి పడుకోబోయే ముందు ఎవరైనా దీపం వెలుగులో ఆ అరికాళ్ళు ఒకసారి తిప్పి చూడాలి. పొక్కు కనిపిస్తే చిదపకండి, పసర్లు పూయకండి, మర్నాటికి వాయిదా వెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.