మా మామ చెప్పిన జపాన్ సైకిలు

మా మామ దగ్గర జపాన్ సైకిలు ఉందని స్కూల్లో నేను చెప్పుకోని రోజు లేదు. తొంభైల్లో మద్రాసు వెళ్ళి బర్మా బజార్లో కొన్నాడట. మైపాడు చుట్టుపక్కల అంత లావు టైర్ల సైకిలు అదొక్కటేనట. రొయ్యల గుంటల గట్ల మీదా, బీచ్ ఇసకలోనూ బండిలా పోయేదట. ఈ ‘అట’లన్నీ మామ నోటి నుంచి వచ్చినవే. నాకు ఊహ తెలిసేసరికి అది షెడ్డులో దూలానికి వేలాడుతున్న ఒట్టి ఫ్రేము.

2004 డిసెంబర్ 26 పొద్దున సముద్రం గుంటల మీదికొచ్చినప్పుడు సైకిలు అక్కడి కాపలా షెడ్డులో ఉంది. మామ ఇంట్లో ఉన్నాడు కాబట్టి బతికాడు. మూడు రోజుల తర్వాత సైకిలు బురదలో దొరికింది. చక్రాలు పనికిరావు. ఫ్రేముని కడిగి, పడవకి వేయగా మిగిలిన నీలం రంగు పూసి పైకి కట్టేశాడు. గుంటలు పోయాయి, అప్పు మిగిలింది. మామ మళ్ళీ రొయ్యల జోలికి పోలేదు. సైకిలు కథ మాత్రం ఆపలేదు.

పోయిన సంక్రాంతికి దాన్ని దించాను. మామకి షుగర్ వచ్చింది, డాక్టరు రోజూ సైకిలు తొక్కమన్నాడు. కొత్తది కొందామంటే వినడు. “జపాను ఇనుమురా అల్లుడూ, దానికేమవుద్ది!” అన్నాడు. నేను మెకానికల్ డిప్లొమా చేసినవాణ్ణి. నాకున్న భయం వేరు. బయట రంగు బానే ఉంది. లోపల ఉప్పునీళ్ళు ఇరవై ఏళ్ళు ఏం చేశాయో ఎవరికి తెలుసు? అరవై దాటిన మనిషి తొక్కుతుంటే ఫ్రేము విరిగితే?

అందుకే ముందు ఇదేం ఫ్రేమో తెలుసుకోవాలనుకున్నా. తిరగేసి పెడల్ ఇరుసు ఉండే గొట్టం కింద రంగు గీకితే నంబరు కనిపించింది. దాంతో ఏమీ తేలలేదు. వెనక చక్రం బిగించే చోటు చూశా. ఖరీదైన ఫ్రేములకి అక్కడ పోత పోసినట్టు మందంగా ఉంటుంది. దీనికి రేకుని కోసి అతికించినట్టుంది. అనుమానం మొదలైంది.

అసలు గుట్టు సీటు రాడ్డు దూరే గొట్టం దగ్గర బయటపడింది. వెర్నియర్‌తో కొలిస్తే బయట 28.6 మి.మీ., లోపల 25.4. అంటే గోడ మందం 1.6 మి.మీ. మంచి క్రోమోలీ స్టీలు ఫ్రేముల్లో బయటి కొలత అంతే ఉన్నా లోపల 26.8 నుంచి 27.2 దాకా ఉంటుంది. అంటే గోడ 0.7, 0.9 అంతే. గట్టి స్టీలు కాబట్టి పల్చగా చేస్తారు, బరువు తగ్గుతుంది. మామ సైకిలుది మామూలు ఇనుము, దండిగా వేసిన ఇనుము.

ఇక ముందు భాగంలో, హ్యాండిల్ కింద నీలం రంగుని ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దా. లోపల ఎర్ర రంగు, దాని మీద చెరిగిపోయిన ఇంగ్లిష్ అక్షరాలు. చివరి నాలుగు చదవగలిగా: యు, ఎల్, ఈ, ఎస్. హెర్క్యులెస్! పుట్టింది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో అయినా, మన దగ్గర ఆ పేరుతో సైకిళ్ళు చేసింది 1949లో మొదలైన టీఐ సైకిల్స్. ఫ్యాక్టరీ ఎక్కడా? మద్రాసు పక్కన అంబత్తూరులో.

రెండు రోజులు మామకి చెప్పలేదు.

అసలు మౌంటెన్ బైకు అనేదే పాత ఫ్రేముల్లోంచి పుట్టింది. 1970ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు కొందరు లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్ళు వెతికి తెచ్చి, బాగుచేసుకుని, కొండ మీంచి మట్టిదారుల్లో దూకించేవాళ్ళు. వాళ్ళకి కొండ, మాకు గుంట గట్టు.

పెడల్ ఇరుసు కప్పులు విప్పడానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఎడమది వచ్చింది, కుడిది రాదు. కిరసనాయిలు పోశా, స్పానర్‌కి పైపు తగిలించి లాగా. కప్పు అంచులు అరిగాయి గానీ కదల్లేదు. చివరికి ఇందుకూరుపేటలో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే నవ్వాడు. “కుడిపక్కది ఎదురు మర నాయనా. నువ్వు ఇన్నాళ్ళూ బిగిస్తుండావు.” ఆ కొలత మరని ప్రపంచమంతా బీఎస్ఏ మర అంటారు. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే తుపాకుల కంపెనీ పేరది. డిప్లొమాలో నాకిది చెప్పలేదు, లేదా ఆ రోజు నేను వెళ్ళలేదు.

రిమ్ముల దగ్గర ఇంకో పొరపాటు. ‘26 అంగుళాలు’ అని అడిగి నెల్లూర్లో కొనుక్కొచ్చా. బిగిస్తే బ్రేకు కట్టలు రిమ్ముని వదిలేసి చువ్వల మీద పడుతున్నాయి. 26లో కూడా రకాలున్నాయి! సన్న టైర్ల పాత రకానికి రిమ్ము 590 మి.మీ., మౌంటెన్ బైకుకి 559. మీరెవరైనా పాత సైకిలు కడుతుంటే అంగుళాలు నమ్మొద్దు, టైరు పక్కన ఉండే మూడంకెల నంబరు చూడండి. నాకు తొమ్మిది వందలు బొక్క.

మేస్త్రీ ఫ్రేముని వేలాడదీసి స్పానర్‌తో ప్రతి గొట్టాన్నీ తట్టాడు. గంటలా మోగింది. ఒక్కచోట మాత్రం, పెడల్ నుంచి వెనక చక్రానికి పోయే గొట్టం కింద, చప్పుడు చచ్చిపోయింది. అక్కడ సూది పెట్టి పొడిస్తే లోపలికి దిగింది. నీళ్ళు నిలిచిపోయిన చోటు అదే. తుప్పు పట్టిన మేర గీకేసి, చుట్టూ ఇనుప పట్టీ వేసి ఇత్తడితో గ్యాస్ వెల్డింగ్ చేశాడు. మిగతా గొట్టాల్లో పాత ఇంజనాయిలు పోసి తిప్పాం. బయట రెడ్ ఆక్సైడు, దాని మీద మళ్ళీ నీలమే. నెల రోజులు నేనే తొక్కా, గట్ల మీద కావాలని ఎగరేసి మరీ. అతుకు దగ్గర రంగు చిట్లుతుందేమోనని రోజూ టార్చి వేసి చూశా. చిట్లలేదు.

సైకిలు ఇచ్చిన రోజు చెప్పేశా. “మామా, ఇది జపాన్‌ది కాదు. అంబత్తూరుది.”

మామ బెల్లు నొక్కి చూస్తున్నాడు. తలెత్తలేదు.

“జపాన్ క్రోమోలీ అయ్యుంటే గొట్టాలు పల్చగా ఉండేవి. ఉప్పునీళ్ళు ఎప్పుడో తినేసుండేవి. మోటు ఇనుము కాబట్టే మిగిలింది” అన్నా, కాస్త ఓదార్పుగా.

మామ వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “బర్మా బజారు కూడా కాదులేరా. నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్నా, వాయిదాల మీద. మీ అత్తని చూడ్డానికి పోయినప్పుడు వాళ్ళ నాయన అడిగితే జపాన్‌దని చెప్పా. ఆ తర్వాత మార్చడానికి కుదర్లా.”

“ఇప్పుడు చెప్పొచ్చు కదా?”

“ఎందుకబ్బాయా, ముప్పై ఏళ్ళైనాక!” అని సైకిలెక్కేశాడు. టీ కొట్టు దగ్గర ఎవరో ఆపి అడిగినట్టున్నారు. మామ ఒక కాలు కింద పెట్టి, నా వైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్తున్నాడు. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది, నాకు ఒక్క మాటే వినపడింది. జపాను.