నేలను పడిన పక్షి

2023 డిసెంబరు 3వ తేదీ, ఆగమన కాలపు మొదటి ఆదివారము. ఆ ఉదయమే బంగాళాఖాతంలోని వాయుగుండం తుపానుగా మారిందనీ, దానికి మిచౌంగ్ అని పేరు పెట్టారనీ వార్తల్లో చెప్పారు. మందిరంలో సగం బెంచీలు ఖాళీ. కోసిన వరి పనలు పొలంలో ఉన్నవాళ్ళను ఆరాధనకు ఎందుకు రాలేదని నేనేమని అడగగలను? త్వరగా ముగించి, ఆశీర్వాదం చెప్పి పంపివేశాను.

మా పెద్దమ్మాయి డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతోంది. కాలేజీలో ఎవరిదో దుర్భిణి అడిగి తెచ్చుకుంది. గాలివాన ముందు సముద్రపు పక్షులు ఒడ్డుకు వస్తాయట, వాడరేవు తీసుకుపొమ్మని మధ్యాహ్నం నుంచి ఒకటే గొడవ. వాళ్ళమ్మ కోప్పడింది. నేను ఒప్పుకున్నాను. అది పక్షుల కోసం కాదు. వాడరేవులో నేను వెళ్ళవలసిన ఇల్లు ఒకటుంది. నాలుగేండ్లుగా ఏదో ఒక సాకుతో తప్పించుకుంటున్న ఇల్లు.

ఆ సంగతి ముందు చెప్పాలి. 2019లో ఆ ఇంట గృహకూడిక జరిగింది. ఆ సహోదరుడు పడవ మీద వేటకు పోయేవాడు. ఆమె గంప నెత్తిన పెట్టుకొని చీరాల వీధుల్లో చేపలు అమ్మేది. వానాకాలం వేటంటే భయంగా ఉంది, ప్రార్థన చేయండి అయ్యగారూ అని ఆమె అడిగింది. నేను మత్తయి సువార్త 10వ అధ్యాయంలోని పిచ్చుకల మాట తీసుకొని, "పిచ్చుకనే పడనియ్యని దేవుడు నీ భర్తను పడనిస్తాడా అమ్మా?" అని గట్టిగా చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. నెల తిరగకముందే ఒడ్డు కనబడే దూరంలో అల కొట్టి వాళ్ళ పడవ తిరగబడింది. తోటివాళ్ళు ఈదుకుని వచ్చారు. అతడు రాలేదు.

సమాధి దగ్గర ఆమె నాతో ఒక్క మాట అనలేదు. తరువాత మా ఇంటావిడతో అన్నదట, "అయ్యగారి లెక్కన మా ఆయన పిచ్చుకపాటి కూడా చెయ్యలేదు గదమ్మగారూ" అని. అప్పటినుంచి ఆమె మందిరానికి రావడం మానుకుంది. నేను ఆ గడప తొక్కడం మానుకున్నాను. కాపరిని నేను గనుక, ఎవరి తప్పు పెద్దదో వేరే చెప్పనక్కరలేదు.

మేము వెళ్ళేసరికి నాలుగున్నర. పడవలన్నీ పైకి లాగి సరుగుడు చెట్లకు మోకులు కట్టేశారు. సముద్రము బురద రంగుకు తిరిగి ఉంది. ఈశాన్యపు గాలి ఇసుకను ముఖాన కొడుతోంది. ఇసుక మీద నూరుకు పైగా తెల్లని పక్షులు నిలబడి ఉన్నాయి. నేను ఎన్నిసార్లో ఆ ఒడ్డుకు వెళ్ళానుగాని పక్షులను చూడాలని చూసింది ఆనాడే. ఒక్కటి కూడా గాలికి వీపు చూపలేదు. వరుసలో నిలబెట్టినట్టు అన్నీ గాలికి ఎదురుగా ముఖం పెట్టాయి.

"వెనకనుంచి గాలి తగిలితే ఈకలు విప్పుకుపోతాయి నాన్నా. ఎదురుగా నిలబడితే ఈకలు ఒంటికి అణిగి ఉంటాయి. ఎగరాలన్నా అదే సులువు" అని మా అమ్మాయి చెప్పింది. కంటి వెనుక నల్లని మచ్చ ఉన్నవాటిని సీగల్స్ అంటారట. అందులో ఈ జాతి టిబెట్, లడఖ్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర పిల్లలను చేసి, చలికాలం మన తీరానికి దిగుతుందట. హిమాలయాలు దాటివచ్చిన పక్షి వాడరేవులో చేపపొట్టలు ఏరుకుంటోందన్నమాట. నాకు నవ్వు వచ్చింది.

టెర్న్ అనే సన్నని పక్షులు మాత్రం నిలబడలేదు. అలల మధ్య పల్లంలో, నీటిని తాకుతున్నట్టే ఎగురుతున్నాయి. నీటికి దగ్గరగా గాలి జోరు తగ్గుతుందట. అల లేచినప్పుడు లేస్తాయి, విరిగేలోగా పక్కకు తప్పుకుంటాయి. నేను దుర్భిణి చాలాసేపు ఇవ్వలేదని మా అమ్మాయి అలిగింది కూడా.

అంతలో అదే కేక వేసింది. మిగతావాటికి భిన్నంగా వీపంతా మసి నలుపు, పొట్ట తెలుపు, తోక చీలినట్టున్న పక్షి ఒకటి సముద్రం మీదనుంచి వస్తోంది. సూటీ టెర్న్ అట. నడిసముద్రపు పక్షి. గూడు విడిచిన పిల్ల కొన్ని సంవత్సరాలపాటు నేలమీద కాలు పెట్టకుండానే బ్రతుకుతుందట. దాని ఈకలు నీటికి తడిసిపోతాయి గనుక బాతులాగా నీటిమీద కూర్చుని అలసట తీర్చుకోలేదు. లక్షద్వీపుల్లో పిట్టి అనే చిన్న ఇసుకదిబ్బ మీద అవి గుడ్లు పెడతాయని మా అమ్మాయి అంటే, పిట్టకు పిట్టి బాగానే కుదిరిందనుకున్నాను. గాలివాన తరిమితే తప్ప అది ఒడ్డుకు రాదు.

అది రెండుసార్లు పైకి లేవబోయింది. లేవలేక మాకు ఇరవై అడుగుల దూరంలో ఇసుకమీద పడిపోయింది.

మేము కదలకముందే, పడవల చాటునుంచి ఒక స్త్రీ వచ్చి చెంగుతో దాన్ని కప్పి ఎత్తుకుంది. వలలు సర్దుకోవడానికి వచ్చిన ఆమె ఎవరో మీరు ఊహించే ఉంటారు. నన్ను చూసి, దండం కూడా పెట్టకుండా, "పడింది గదండీ అయ్యగారూ" అన్నది.

ఆ మాటకు నా వద్ద జవాబుంది. అదే నా సిగ్గు. ఆ సహోదరుడు పోయిన కొన్ని నెలలకు నేను ఆ వచనాన్ని మళ్ళీ తీసి, వేదాంత పాఠశాలలో నేర్చుకున్న కాస్త గ్రీకుతో చూశాను. పిచ్చుక పడదని ప్రభువు చెప్పలేదు. పడుతుందనే చెప్పాడు. మన తెలుగు బైబిలులో తండ్రి 'సెలవు' అని ఉన్నచోట, మూలంలో సెలవు అనే మాటే లేదు. తండ్రి లేకుండా పడదు అని మాత్రమే ఉంది. ఇది తెలిసి కూడా నాలుగేండ్లు ఆమెకు చెప్పలేదు. చెబితే నేను తప్పు ప్రసంగించానని ఒప్పుకోవాలి గదా!

ఆ గాలిలో గొంతు పెంచి చెప్పాను. "నేను తప్పు చెప్పానమ్మా. పడనియ్యడని వాక్యంలో లేదు. పడినప్పుడు తండ్రి అక్కడ ఉంటాడని ఉంది."

ఆమె చాలాసేపు పక్షినే చూసింది. "అంటే ఆ రోజు మా ఆయన దగ్గర ఆయన ఉన్నాడా?"

"ఉన్నాడనే నమ్ముతున్నానమ్మా."

"ఉండి ఊరుకున్నాడా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను. మా అమ్మాయి నావైపు వింతగా చూసింది. నేను తెలియదనడం అది ఎప్పుడూ విని ఉండదు.

ఏమనుకున్నానో గాని, లూకా సువార్త సంగతి చెప్పాను. మత్తయిలో కాసుకు రెండు పిచ్చుకలు, లూకా 12వ అధ్యాయంలో రెండు కాసులకు అయిదు. ఆమె చేపలమ్మే మనిషి, వెంటనే పట్టుకుంది. "నాలుగు రావాలి గదండీ. అయిదోది కొసరు."

"అవునమ్మా. ఆ కొసరు పిట్టను కూడా దేవుడు మరచిపోడని ఉంది."

ఆమె ఏమీ అనలేదు. పక్షిని గంప కింద పెట్టి, గాలికి లేవకుండా గంపమీద తడి వల వేసింది. పోలీసువారు అందరినీ వెళ్ళిపొమ్మని మైకులో చెబుతున్నారు. మేము వలల మూటను ఆమెతో కలిసి ఇంటివరకు మోశాము. ఆమె లోపలికి రమ్మనలేదు గాని గడప దగ్గర మంచినీళ్ళు ఇచ్చింది.

5వ తేదీన తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మరునాడు సంఘస్థులు వండిన పులిహోర పొట్లాలు తీసుకొని వాడరేవు వెళ్ళాను. ఆమె ఇల్లు నిలిచింది, పైకప్పు రేకులు రెండు పోయాయి. పక్షి సంగతి అడిగాను.

"ఆ రాత్రే పోయిందండీ. సరుగుడు చెట్టు కింద గుంట తీసి పెట్టాను. ఊరికే పారెయ్యబుద్ధి కాలేదు."

క్రిస్మస్ ఆరాధనకు ఆమె రాలేదు, కొడుకును పంపింది. ఆ తరువాత కొన్ని ఆదివారాలు వచ్చింది, కొన్ని రాలేదు. వచ్చినప్పుడు తలుపు దగ్గర కూర్చుంటుంది. పిచ్చుకల వచనం మీద నేను ఇంతవరకు మళ్ళీ ప్రసంగించలేదు.